ఎదురు కూర్చునే ఆట

మా పేటలో ఆటస్థలం లేదు. ఇప్పటికీ లేదు. ఊరికి దక్షిణాన పంటకాలవకీ చేలకీ మధ్య ఇరుక్కుపోయిన పేట మాది. కబాడ్డీ ఆడాలంటే కోతలయ్యాక ఎవరిదో చేలోకి దిగాలి. చేనుగలాయన కేకేస్తే పారిపోవాలి. అందుకే మాకు కూర్చుని ఆడే ఆటలే ఎక్కువ. వాటికి జాగా అక్కర్లేదు. జానెడు నేల, ఒక బొగ్గుముక్క, నాలుగు గీతలు చాలు. పావులంటారా, కోనసీమలో వాటికేం కరువు! కొబ్బరి చిప్ప ముక్కలు, చింతపిక్కలు, పగిలిన గాజులు. డబ్బిచ్చి కొన్న ఆటసామాను నేను మొదటిసారి చేత్తో పట్టుకుంది పదిహేడో ఏట.

మా మామ్మ అష్టాచెమ్మాలో గట్టి మనిషి. నాట్లయ్యాక కలుపులు మొదలయ్యేలోగా పనుల్లేని రోజులు కొన్నొస్తాయి. ముసురు పట్టి తాటాకు చూరునించి నీళ్ళు కారుతుంటే ఆడోళ్ళంతా మా అరుగు మీదికి చేరేవాళ్ళు. అటు అయిదు గడులు, ఇటు అయిదు గడులు. నలుగురు మనుషులు, నాలుగు గవ్వలు. ఆ గవ్వలు అంతర్వేది తీర్థంలో కొన్నవి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఎదుటోళ్ళ కాయని ఒక్కటన్నా చంపితే గానీ లోపలి గడుల్లోకి పోనివ్వరు. కాయని చంపేటప్పుడు మామ్మ తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. తిట్లు తిన్నామె కూడా పొట్ట పట్టుకుని నవ్వేది. పొద్దస్తమానం వంగి నాటేసిన నడుములు ఆ కాసేపే నిటారుగా కూకునేవి.

ఆసామి ఇంటినించి పిలుపొస్తే మాత్రం ఆట మధ్యలో లేచిపోవాల్సిందే. ధాన్యం ఎగపొయ్యాలనో, పాక ఊడవాలనో. అట్లా లేచేటప్పుడు మామ్మ కాయల మీద చేట బోర్లించేది. పిల్లలెవరూ ముట్టుకోకూడదు. పనయ్యాక వచ్చి, చేట ఎత్తి, ఎవరి వంతు దగ్గర ఆగిందో అక్కడినించే మొదలెట్టేవాళ్ళు. ఒకసారి మూడ్రోజులు ఆ చేట అట్లాగే ఉంది. ఆ మూడ్రోజులూ మేం బియ్యం పక్కింటి చేటతో చెరుక్కున్నాం.

పులిమేక నేను నేర్చుకుంది కాలవ తూము మీది సిమెంటు పలక మీద. మా అయ్య పాలేరుగా ఉన్న ఇంటి కుర్రోడూ నేనూ ఒక ఈడువాళ్ళం. వాళ్ళ గేదెల్ని మేపడం నా పని. నేను మేపుతున్నానో లేదో చూసిరావడం వాడి పని. చూడ్డానికొచ్చి తూము మీద కూలబడేవాడు. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. వాడికెప్పుడూ పులులే. "నీకు మేకలు కాయడం అలవాటేగా" అనేవాడు. నేను కాసేది గేదెల్నని వాడికీ తెలుసు.

ఆ ఆటలో ఒక కిటుకుంది. పులి మేకని చంపాలంటే దాని మీంచి దూకాలి. దూకాలంటే మేక వెనక చోటు ఖాళీగా ఉండాలి. మేక పక్కనే మేకని పెట్టుకుంటూ, వెనక సందు లేకుండా ఓపిగ్గా పేర్చుకుంటూ పోతే పులులకి కాలు కదపడానికి చోటుండదు. మూడో నాలుగో మేకలు పోయినా ఫరవాలేదు. నాకిది ఎవరూ చెప్పలేదు. ఓడిపోయి ఓడిపోయి తెలుసుకున్నాను. దసరా నాటికి వాడి పులులు రోజూ కట్టుబడి పోయేవి. పులులు నాకిమ్మని మాత్రం నేనెప్పుడూ అడగలేదు. మేకలతో నెగ్గడంలో ఉన్న రుచి పులులతో ఏముంటది?

ఇంకో సంగతి. చచ్చిన మేకని వాడు నా చేతికిచ్చేవాడు కాదు. పలక అంచున పెడితే నేను తీసుకునేవాణ్ణి. కొట్లో చిల్లర మాకు బల్ల మీద పెట్టినట్టే. అప్పుడది వింతగా లేదు. చాలా ఏళ్ళకి గానీ నాకు తట్టలేదు. ఇట్లాంటి ఆటల్లో పావుని ఎట్లాగూ కిందే పెడతారు, కిందనించే తీస్తారు. చెయ్యి చేతికి తగిలే అవసరం రాదు. కబాడ్డీ అయితే వాణ్ణి పట్టుకోవాలి గదా! వాడు నాతో కబాడ్డీ ఏనాడూ ఆడలేదు. పాత గుళ్ళ మండపాల్లో రాళ్ళ మీద పులిమేక గీతలు చెక్కి ఉంటాయి. పెద్దయ్యాక వాటిని చూసినప్పుడు అందరూ ఆ ఆట ఎంత పాతదోనని ఆశ్చర్యపోతుంటే నేను వేరే లెక్క వేసుకున్నాను. ఆ గీతల చుట్టూ ఎవరెవరు కూర్చుని ఉంటారు, ఎవరు ఆ రాయి మోసుకొచ్చి గుమ్మం బయట నిలబడి ఉంటారు అని.

1982లో అమలాపురంలో డిగ్రీలో చేరాను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో కారంబోర్డు ఒకటుండేది. నడిమధ్య గుంట పడి స్ట్రైకర్ ఎటు కొట్టినా అటే జారేది. బోరిక్ పౌడరు లేక గోడ సున్నం గీకి చల్లేవాళ్ళం. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు. చదరంగం సంగతి వేరు.

మా క్లాసులో ఒకడి దగ్గర మడిచే చెక్కడబ్బా చదరంగం ఉండేది. వాడిది పెద్దకులం. ఇద్దరిదీ రాజోలు తాలూకాయే. వాడి ఊరు మా ఊరికి రెండు మైళ్ళు. రెండు మైళ్ళ దూరంలో పుట్టి పెరిగి, అమలాపురం దాకా వస్తే గానీ ఒకరి మొహం ఒకరు చూడలేదు. కాలేజీ వెనక చింతచెట్టు కింద వాడు నాకు పావుల నడక నేర్పాడు. ఏనుగు నిలువుగా అడ్డంగా, శకటం ఐమూలగా, గుర్రం రెండున్నర గడి. మొదటి ఆటలో నా గుర్రాన్ని చంపి, "ఇంద" అని చెయ్యి చాపాడు. నేను గడుల పక్కన పెడతాడేమోనని చూస్తున్నాను. "ఇందరా, పట్టుకో" అని నా అరచేతిలో పెట్టాడు. వాడికది గుర్తుండదు. నాకా చెక్కగుర్రం బరువు కూడా గుర్తుంది.

బంటు ఎనిమిదో వరసకి చేరితే మంత్రి అవుతుందని వాడు చెప్పినప్పుడు నేను నవ్వాను. అట్లాంటి కబుర్లు మాకు ఎలక్షన్లప్పుడు చాలామంది చెబుతారు. మధ్యలో ఎన్ని బంట్లు పోతాయో చెప్పరు.

1985 వేసవిలో పరీక్షలయ్యాయి. ఎవరిళ్ళకి వాళ్ళం వచ్చేశాం. ఆట ఎట్లా? వాడు మా పేటకి వస్తే వాళ్ళింట్లో ఊరుకోరు. నేను వాళ్ళ వీధిలోకెళ్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అప్పుడు పోస్టుకార్డులు మొదలెట్టాం. పదిహేను పైసలు కార్డు. నిలువు వరసలకి క, ఖ, గ, ఘ, చ, ఛ, జ, ఝ అని పేర్లు పెట్టుకున్నాం. అడ్డవరసలకి అంకెలు. గుర్రాన్ని ఛ3లోకి దూకిస్తే 'గు–ఛ3' అని రాసి డబ్బాలో పడెయ్యడమే. ఆ కార్డు రాజోలు వెళ్ళి ముద్ర వేయించుకుని వాడి ఊరు చేరేసరికి మూడు రోజులు. కాలవగట్టు మీద నడిచివెళ్తే అరగంట దూరం. అరగంట దూరానికి మూడు రోజులు పట్టిందంటే మధ్యలో ఉన్నది కాలవ కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

పోస్టాయన పేటలోకి వచ్చేవాడు కాదు. మొదట్లో తుమ్మచెట్టు దగ్గర నిలబడి కేకేసేవాడు. రెండు మూడు కార్డులయ్యాక ఆగలేక అడిగాడు, "ఏటబ్బాయ్ ఇది, మంత్రమా?" అని. చదరంగమండీ అన్నాను. నమ్మినట్టు లేడు. మా అయ్యకి చదువు రాదు. కార్డు వచ్చినప్పుడల్లా ఏం రాశాడని అడిగేవాడు. గుర్రం ముందుకొచ్చిందని చెప్పాను ఒకరోజు. అయ్య చుట్ట నలుపుతూ, "గుర్రం ఎక్కడికెల్తేనేం గానీ నువ్వు మటుకు ఆ ఊర్లోకెల్లకు" అన్నాడు. పెళ్ళికొడుకుని గుర్రమెక్కించినందుకు తన్నులు తిన్న పేట కథ ఆయనకి తెలుసు.

వెళ్ళాను. వాడే రమ్మని కార్డు కింద రాశాడు, జూన్ నెలాఖర్లో. సైకిలు వాళ్ళ గేటు దగ్గర దిగాను. వాళ్ళమ్మగారు బయటికొచ్చి చాలా మర్యాదగానే మాట్లాడారు. "లోపల ఉక్కగా ఉంది, మామిడిచెట్టు కింద ఆడుకోండి" అన్నారు. బల్ల వేయించారు. టీ కూడా వచ్చింది, నాకు గాజుగ్లాసులో, వాడికి స్టీలుగ్లాసులో. రెండాటలు ఆడాం. చెరొకటి నెగ్గాం. వాడు గేటుదాకా వచ్చి సాగనంపాడు. సగం దూరం వచ్చాక తువ్వాలు మర్చిపోయానని వెనక్కి తిప్పాను. ప్రహరీగోడ మీద చదరంగం పావులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. తెల్లవి, నల్లవి, ముప్ఫైరెండూ. నీళ్ళు కారుతున్నాయి. కడిగి ఎండకి పెట్టారు. తువ్వాలు బల్లకింద పడుంది గానీ నేను లోపలికెళ్ళలేదు.

జులై 17న కారంచేడు జరిగింది. పేపరు రాగానే మా పేటలో టీకొట్టు దగ్గర ఒకడు చదువుతుంటే అందరం నిలబడి విన్నాం. ఆరుగురిని చంపారు. ఆ వారం వాడి దగ్గర్నించి కార్డొచ్చింది. 'శ–గ4' అని ఉంది. ఇంకే మాటా లేదు. నేను కార్డు అటూ ఇటూ తిప్పి చూశాను. నేనూ ఎత్తు ఒక్కటే రాసి పంపాను. ఆ ఆట ఆగస్టులో నేనే నెగ్గాను.

తర్వాత నాకు టీచరుద్యోగం, వాడికి బ్యాంకుద్యోగం. ఏడాదికో ఆట, రెండేళ్ళకో ఆట ఉత్తరాల్లోనే నడిచింది. వాడు నన్ను మళ్ళీ ఇంటికి పిలవలేదు. నేను ఆ గోడ సంగతి ఎత్తలేదు.

దూరాన్నించి ఆడటం నాకు అలవాటైపోవడానికి ఇంకో మనిషి కారణం. మా మేనమామ కొడుకు, బావ వరస. 1988లో కువైట్ వెళ్ళాడు డ్రైవరు పని మీద. కోనసీమ నించి గల్ఫుకి వెళ్ళినోళ్ళు లేని పేట మా చుట్టుపక్కల లేదు. మొదట మగాళ్ళు, వాళ్ళ వెనక ఇళ్ళల్లో పనికి ఆడాళ్ళు. బావకి చదరంగం పట్టదు, పులిమేకంటే ప్రాణం. గీతలు కలిసే 23 చోట్లకీ అంకెలు వేసి బొమ్మ గీసి పంపాను. వాడిచ్చిన ప్రతి ఉత్తరంలో జీతం కబురూ, ఎండ కబురూ, చివర్లో "నా పులి 9 నించి 11కి" అనీ ఉండేది. మా అత్త ఆ ఉత్తరాలు చదివించుకుని, ఎడారిలో పులులేమిటని బెంగెట్టుకుంది. వాడికి అక్కడ మంచమంతే చోటు. ఆ మంచం మీద పరిచిన కాగితం మీద నా మేకలు తిరుగుతున్నాయని తలుచుకుంటే నాకు గమ్మత్తుగా ఉండేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్లోకి దిగింది. ఉత్తరాలు ఆగిపోయాయి. మా పేటలో రాత్రిళ్ళు ప్రార్థనలు. లక్ష మందికి పైగా మనోళ్ళని జోర్డాన్ లోని అమ్మాన్ నించి విమానాల్లో తీసుకొచ్చారు. బావ అక్టోబర్లో వచ్చాడు, ఒంటిమీది బట్టలతో, బుగ్గలు లోపలికి పోయి. రెండేళ్ళ సంపాదన అక్కడే పోయింది. అత్త ఏడుస్తూ పట్టుకునుంటే ఆవిడ భుజమ్మీంచి నన్ను చూసి, "ఒరే బావా, నీ మేకని చంపాను. ఉత్తరం అందిందా?" అన్నాడు. అందలేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ అందలేదు. మాట మీద నమ్మి మేకని తీసేశాను.

ఇప్పుడన్నీ ఫోన్లోనే. అక్క కూతురు కువైట్లో ఓ ఇంట్లో ఖద్దామా. శుక్రవారం కాస్త తీరిక దొరికితే లూడో ఆడదాం రమ్మంటుంది. లూడో కింగ్ అని 2016లో వచ్చిన ఆట, 2020 లాక్‌డౌన్లో ఇంటింటికీ పాకింది. లూడో పచ్చీసు లోంచి పుట్టిందే. ఇంగ్లండులో 1896లో దానికి పేటెంటు తీసుకున్నారు. మా మామ్మ అష్టాచెమ్మా కూడా ఆ కుటుంబంలోదే. మామ్మకి ఏ పేటెంటూ లేదు. అక్క ఇక్కడ, అల్లుడు ఇక్కడ, నేను ఇక్కడ, పిల్ల అక్కడ. నలుగురి కాయలూ ఒకే తెర మీద. మాకు రాత్రి తొమ్మిదిన్నరైతే దానికి ఏడు. "సంపేత్తా మావయ్యా" అని అరుస్తుంది, అచ్చం మామ్మే. ఉన్నట్టుండి "మేడం పిలుత్తంది, ఉండండి" అని పోతుంది. వంతు వచ్చినప్పుడు ఆడకపోతే ఆ ఆట ఆగదు. ఆ వంతు దాటిపోతుంది, తర్వాత ఇంకోటి. ఎదురుచూద్దామని మేం ముగ్గురం అనుకున్నా కుదరదు. ఫోనుకి చేట లేదు.

బ్యాంకు స్నేహితుడు రిటైరై హైదరాబాదులో ఉన్నాడు. మా చదరంగం కూడా ఫోన్లోకి మారింది. ఎత్తుకి మూడు రోజుల గడువు పెట్టుకున్నాం, పాత కార్డుల లెక్కనే.

2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న దానికి అంబేద్కర్ పేరు చేరుస్తూ నోటిఫికేషన్ ఇచ్చారు. మా పేటలో స్వీట్లు పంచుకున్నాం. మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మీరు టీవీల్లో చూశారు. పేరు వద్దని ఊరేగింపు, రాళ్ళు, ఒక మంత్రిగారి ఇల్లు, ఒక ఎమ్మెల్యేగారి ఇల్లు మంటల్లో. ఆ రాత్రి నించి ఇంటర్నెట్టు ఆపేశారు. దాదాపు రెండు వారాలు. కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు సిగ్నలు కోసం గోదావరి గట్టుకి పోయి, అవతలి ఒడ్డు వైపు ఫోను చాపి నిలబడేవాళ్ళు.

పేటలోంచి ఎవరూ ఒంటరిగా బయటికెళ్ళొద్దని పెద్దలు చెప్పారు. 144 సెక్షన్. మగాళ్ళు పొద్దుట్నించీ సంఘం మెట్ల మీద. ఎవరో లోపల దుమ్ముపట్టిన కారంబోర్డు బయటికి తెచ్చారు. ఫోన్లు చచ్చిపోయిన పిల్లలు ఏం చెయ్యాలో తెలీక తిరుగుతుంటే బావ సిమెంటురోడ్డు మీద సుద్దతో పులిమేక గీశాడు. డెబ్బైకి దగ్గరపడ్డాడు, మోకాళ్ళు వంగవు, కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తూ ఆడించాడు. రాత్రి కాపలా కాసే కుర్రాళ్ళు దీపం కింద అదే ఆట. నవ్వుతున్నారు గానీ రోడ్డు మీద మోటారుసైకిలు చప్పుడైతే చేతులాగిపోయేవి. రెండు వారాల్లో పేటలో పదేళ్ళ పిల్లలందరికీ మేకల్ని సందు లేకుండా ఎట్లా పేర్చాలో వచ్చేసింది. అక్క కూతురు మామూలు ఫోను చేసింది. "మావయ్యా, మనోళ్ళందరూ ఉన్నారా?" అని ఒక్కొక్కరి పేరూ అడిగింది.

నెట్టు వచ్చాక ఫోను తెరిస్తే చదరంగంలో నేను ఓడిపోయినట్టుంది. గడువు దాటిందట. కింద వాడి మెసేజి. "టైమైపోయిందిరా. కొత్త ఆట మొదలెడదామా?" 1985 నాటి కార్డులాగే ఉంది, ముందూ వెనకా ఏమీ లేకుండా. ఈసారి నేను ఎత్తు పంపలేదు. ఫోను చేశాను.

"జిల్లా పేరు గురించి నీ మాటేంటిరా?" అన్నాను.

"ఆయనంటే నాకు చాలా గౌరవంరా. కానీ కోనసీమ అన్నది..." అన్నాడు.

ఆ 'కానీ' నాకు చిన్నప్పట్నించీ తెలుసు. అప్పుడు చెప్పాను గోడ మీది పావుల సంగతి. తువ్వాలు సంగతి. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను పోయిందేమోననుకున్నాను. "అమ్మ కడిగిందని నాకు తెలుసు. నువ్వు చూశావని తెలీదు" అన్నాడు చివరికి. ఏడాది క్రితమే ఆవిడ పోయారు. ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు. ఆగస్టులో జిల్లా పేరు ఖరారైంది.

2023 సంక్రాంతికి వాడు మా పేటకి వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు, చంకలో ఆ చెక్కడబ్బాతో. తుమ్మచెట్టు ఇప్పుడు లేదు, దారడిగితే పిల్లలు తీసుకొచ్చారు. మా వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. డబ్బాలో తెల్లబంటు ఒకటి తగ్గింది. నా మనవరాలు చింతపిక్క తెచ్చి ఇచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నాడు, రెండోసారి చేపలపులుసు అడిగి వేయించుకున్నాడు. మూడాటల్లో రెండు వాడే నెగ్గాడు. పేరు విషయం వాడూ తేలేదు, నేనూ తేలేదు. వరండాకి ఎదురుగా సంఘం గోడ మీద జిల్లా పేరు నిలువెత్తు అక్షరాల్లో ఉంది. వాడు కూర్చున్న కుర్చీ అటే తిరిగి ఉంది. వెళ్ళేటప్పుడు "డబ్బా నీ దగ్గరే ఉండనీరా" అన్నాడు.

నెల తర్వాత హైదరాబాదు నించి చిన్న పార్సిలు వచ్చింది. కొత్తగా చెక్కించిన తెల్లబంటు. రంగు కొంచెం తేడా. కవరు మీద నా పేరు, పేట, మండలం రాసి, చివర 'కోనసీమ జిల్లా' అని రాశాడు. నేను బంటుని డబ్బాలో వేసి, పోస్టాఫీసుకెళ్ళి కార్డులు అడిగి తెచ్చుకున్నాను. 'గు–ఛ3' అని రాశాను. పంపినవారి చోట నా అడ్రసు, చివర డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని మొత్తం రాశాను. చోటు చాలక ఆఖరి అక్షరాలు అంచుదాకా పోయాయి.

ఎనిమిది రోజులకి వాడి కార్డొచ్చింది. 'బం–ఘ5'. అడ్రసులో ఈసారి జిల్లా పేరు అసలు వెయ్యలేదు. పిన్‌కోడు ఒక్కటే రాశాడు.